గేటు తాళం

మునుగోడు దాటినంక, గట్టుప్పల్ తొవ్వల,
రాపోలు అండాలమ్మ వాకిట్ల
బోరు మోటరు విప్పుకొని కూసున్న.
గోనెసంచి మీద బోల్టులు, వేళ్లకు గ్రీజు.
ఆమె మోకాళ్లను ఈ ఊరి నీళ్లే వంచినయ్.
నలభై ఏండ్ల సంది సార్లు వస్తనే ఉన్నరు,
సీసాలల్ల నీళ్లు నింపుకొని, నోరు తెరిపించి పండ్లు చూసి,
కాయిదం మీద అంకె రాసుకొని పోతనే ఉన్నరు.
"అంకె మంచిగనే రాసిన్రు బిడ్డా,
నడుమే లేవలే" అని నవ్వుతది.

ఇయ్యాల నవ్వలే.
"సైదులూ, నీలం టోపీ పెట్టుకొని
ఏదో దేశం పోయొచ్చినవు గద,
ఆడ ఏం కావలి కాసినవు?"

పదేండ్లల్ల ఎవ్వలూ అడగలే.
జీతమెంత అని అడిగిన్రు.
సింహాలను చూసినవా అని అడిగిన్రు.

చెప్పిన.
ఎర్రమన్ను, మన మన్నసొంటిదే.
చుట్టు ముండ్లతీగె, నడుమ ఇనుప గేటు.
సందెకాడ మొదలువెట్టిన్రు రావుడు,
నెత్తుల మీద సాపలు, సంకల పోరగాండ్లు.
ఒక తల్లి ఉడికీ ఉడకని జొన్న గటక
మూత తియ్యకుంట గిన్నెతోనే పట్టుకొచ్చింది.
వాళ్ల యెనుక గుడిసెలు కాలిన వాసన.

రేడియోల అడిగిన: తియ్యాల్నా?
రేడియో ఇంకో రేడియోను అడిగింది.
అది సముద్రం అవుతల ఒక బల్లను అడిగింది.
ఒక్కడు వద్దంటె అందరి మాట పడిపోయేటి పంచాయితి అది.
వాళ్లింటి లడాయి, పొలిమేర దాటొద్దు అన్నది ఒక దేశం.
దాని తుపాకులు ఎప్పుడో దాటినయ్.
జరిగేదానికి ఏం పేరు పెట్టాల్నో
రాత్రంత మాట్లాడిన్రట.
ఆ ఒక్క మాట అంటె కదలాల్సొస్తదని
అది తప్ప అన్ని మాటలు అన్నరట.
పొద్దుగాల కాయిదం వచ్చింది,
తీవ్ర ఆందోళన, అని.
గేటు ముందట గిన్నె ఉన్నది.
మూత ఇంకా పెట్టే ఉన్నది.

అండాలమ్మ చానసేపు మగ్గం దిక్కు చూసింది.

"రజాకార్ల యేడు నాకు ఎనిమిదేండ్లు.
పక్కూరు మండుతాంటె మా ఊరు తలుపులకు గొళ్లాలు పడ్డయ్.
మా నాయిన మగ్గం గుంతల ఆరుగుర్ని దించి
మీద సాప పరిచి, నేసుకుంట కూసున్నడు.
పోలీసు యాక్షనైనంక పోటు మర్లింది.
దూదేకుల ఖాసీం ఇల్లు ఎతుక్కుంట వచ్చిన్రు,
ఈసారి మనోళ్లే.
అదే గుంత. అదే సాప.
చేతులు వణికి పోగులు తెగుతాంటె
ముడేసుకుంట, ముడేసుకుంట నేసిండు."

"ఎవ్వల్ని అడిగిండు?"
"అడిగితె వద్దనకపోదురా?"

నాకు కోపమొచ్చింది.
నీ నాయినకు ఆరుగురు, అమ్మా.
ఆడ వేలమంది. గుంత పట్టది.
లోపలికి తీస్కుంటె బువ్వెక్కడిది, నీళ్లెక్కడివి,
వాళ్ల యెంబడి తుపాకి కూడ వస్తె?

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకున్నది.
"పట్టది. నాకెరికే.
మొదటిసారి ఏడోది ఒక పిల్ల.
దగ్గుతాందని దించలే.
మీదున్నోళ్లంత సస్తరని దించలే.
నాయిన పోయేదాక, ఏ ఇంట్ల దగ్గు ఇనవడ్డా
కంచం ముందలికెళ్లి లేస్తుండె.
కాపాడిన ఆరుగురి పేర్లు ఎన్నడూ చెప్పలే.
ఆ పిల్ల పేరే తెలుసుకున్నడు. ఊరూరు తిరిగి."

కోడి ఒకటి బోల్టుల నడుమ గింజలు ఎతుకుతాంది.

"ఆ బల్ల కాడోళ్లు," అన్నది,
"ఒక్క పేరన్న తెలుసుకున్నరా?"

సంఖ్య రాసిన్రు. రెండు నెలలకు సరిదిద్దిన్రు.
ఇది నేను బయటికి అనలే.

"తాళంచెవి ఎవ్వల దగ్గెర ఉండె, సైదులూ?"

మోటరు బిగించాలె. పొద్దు గూకుతాంది.
కిందవడ్డ బోల్టు ఏరి ఆమె నా దిక్కు చాపింది.
అందుకోను పోయిన చెయ్యి
ముందుగాల నా నడుము తడుముకున్నది.